మేడ మీది లిథువేనియా వాళ్ళింట్లో ఖాళీ కంచం: ఆ రాత్రి నేను ఏమి చేయాలి?

తులసికోట (జయనగర్, బెంగళూరు), డిసెంబరు 8

అందరికీ నమస్కారం. ఈ సంగతి ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడవుగా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది హిందూపురం. పెళ్ళయి బెంగళూరు వచ్చి ముప్పై నాలుగేళ్ళు. మావారు పోయి రెండేళ్ళయింది. కింద నేను ఉంటాను, మేడ మీద పోర్షన్ అద్దెకు ఇస్తాను. పోయిన మార్చిలో అందులోకి లిథువేనియా దేశం వాళ్ళు వచ్చారు. భార్యాభర్తలు, ఆరేళ్ళ పాప. అతను ఇక్కడ ఒక కంపెనీలో ఇంజనీరు. ఆ అమ్మాయి ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేసుకుంటుంది. వాళ్ళు నేరుగా తమ దేశం నుంచి రాలేదు. అంతకు ముందు పదకొండేళ్ళు డబ్లిన్‌లో ఉన్నారు. 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరిన తరువాత ఐర్లండ్‌కు, ఇంగ్లండ్‌కు, నార్వేకు పనుల కోసం వెళ్ళిపోయిన వాళ్ళు అక్కడ ఇంటికొకరు ఉంటారట. 1990 ప్రాంతంలో దాదాపు 37 లక్షల జనం ఉన్న దేశం, 2020 నాటికి 28 లక్షలకు వచ్చింది. మన బెంగళూరు జనాభాలో నాలుగో వంతు కూడా కాదు. బడిలో తనతో చదివిన ఇరవై ఆరు మందిలో పదిహేను మంది దేశం బయటే ఉన్నారని ఆ అమ్మాయి ఒక్కొక్కరి పేరూ చెబుతూ వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆ రాత్రి నేను కూడా మా హిందూపురం వీధిలో పిల్లలను లెక్కపెట్టుకున్నాను. మా అబ్బాయితో మొదలుపెట్టి. వాడు టొరంటోలో ఉంటాడు.

అద్దె కాగితాలు రాసుకునేటప్పుడే వాళ్ళ ఇంటిపేర్లు చూసి ఆశ్చర్యపోయాను. ముగ్గురివీ మూడు రకాలుగా ఉన్నాయి. వాళ్ళది చెప్పను గానీ, అక్కడ చాలామందికి ఉండే ఇంటిపేరు ఒకటి చెబుతాను. మగవాడు కజ్లౌస్కస్ అయితే అతని భార్య కజ్లౌస్కియెనే, పెళ్ళికాని కూతురు కజ్లౌస్కైతే. పేరు వినగానే మగవాడా ఆడమనిషా, పెళ్ళయిందా లేదా అన్నది తెలిసిపోతుంది. ఇక్కడ ఒక కార్యాలయంలో ఆ కాగితాలు చూసి, "మీరు ముగ్గురూ ఒకే కుటుంబమని రుజువేమిటి?" అని రెండుసార్లు వెనక్కి పంపారు. మూడోసారి నేను తోడు వెళ్ళాను. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటే పాస్‌పోర్టు దగ్గర పడే అవస్థ నాకు తెలుసు కదా! గంటన్నర కూర్చుని వివరంగా చెప్పి వచ్చాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి నన్ను ఆంటీ అనడం మానేసి, పాప పిలిచినట్లే "అమ్మమ్మ" అంటోంది. పాపకు ఆ మాట నేర్పింది నేనే.

ఇక రొట్టె సంగతి. వాళ్ళ నల్ల రొట్టెను దువోన అంటారు. రై అనే ధాన్యం పిండితో చేస్తారు. ఇక్కడ ఆ పిండి దొరుకుతుంది గానీ ఖరీదెక్కువ. అందుకని సగం మన రాగిపిండి కలిపి కాల్చింది. రంగు బాగానే వచ్చింది, వాసన మాత్రం రాలేదని దిగులుపడింది. ఒకరోజు కిందికి వచ్చినప్పుడు నేను పలావుకు మసాలాలు తీస్తున్నాను. షాజీర డబ్బా మూత తీశాను. స్టవ్ దగ్గర నిలబడి మాట్లాడుతున్న పిల్ల చటుక్కున ఆగిపోయింది. డబ్బా నా చేతిలోంచి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని నలిపి మళ్ళీ వాసన చూసింది. "ఇదే, మా నాన్న కోసే రొట్టె వాసన ఇదే" అంది. డబ్బా మొత్తం ఇచ్చి పంపాను. ఆ సాయంత్రం రొట్టె ముక్క పట్టుకుని మెట్లు దిగుతూ పాప దాన్ని జారవిడిచింది. చప్పున వంగి తీసి ముద్దుపెట్టుకుంది. ఎవరు నేర్పారని అడిగితే, రొట్టె కింద పడితే అలాగే చేయాలి అంది. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకు అద్దుకునే పిల్లనై పెరిగాను నేను. ఆ ముద్దు నాకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఆ నాన్న ఆగస్టులో పోయాడు. పానెవెజిస్ అనే ఊరు. కబురు తెలిసిన రాత్రే బయలుదేరినా, రెండు విమానాలు మారి అక్కడికి చేరేసరికి మట్టి చేయడం అయిపోయింది. తిరిగి వచ్చాక నాతో ఒకే మాట అంది: "నేను చూసింది పూలే." మావారు పోయినప్పుడు మా అబ్బాయి రెండో రోజు రాత్రి చేరాడు. అప్పటికి మా మరిది చేతుల మీదుగా అన్నీ జరిగిపోయాయి. వాడు గుమ్మంలో చెప్పులు విప్పకుండా అలాగే నిలబడిపోవడం నేను చూశాను. అందుకే ఆ పిల్ల మాట నన్ను ఇంకా వదలలేదు.

నవంబరు మొదట్లో వాళ్ళకు వేలినేస్ అని పెద్దల పండుగ ఉంటుంది. అందరూ సమాధుల దగ్గరకు వెళ్ళి కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇక్కడ ఆమెకు సమాధి ఎక్కడుంది? కార్తీకమాసం కదా, నేను తులసికోట దగ్గర దీపం పెడుతున్నాను. గాజుగ్లాసులో కొవ్వొత్తి పట్టుకుని వచ్చి, "ఇక్కడ పెట్టవచ్చా?" అని అడిగింది. పెట్టమన్నాను. రాత్రి వాన పడితే గ్లాసు మీద పళ్ళెం బోర్లించి తెల్లవార్లూ కాపాడింది.

ఇప్పుడు నా ప్రశ్న. డిసెంబరు 24 రాత్రి వాళ్ళకు కూచ్యోస్ అని పెద్ద భోజనం. రాలేని వాళ్ళ కోసం, పోయిన వాళ్ళ కోసం బల్ల మీద ఒక ఖాళీ కంచం పెడతారట. ఈసారి నాన్నకు పెట్టాలి అంది. మహాలయ అమావాస్యకు విస్తరి వేసే చేతులు నావి, ఆ కంచం ఎంత బరువో తెలుసు. ఆ అమ్మాయికి ఆ రాత్రి తన ఇంట్లో ఉన్నట్లు ఉండాలని నా కోరిక. నేను ఏమి చేసి పెట్టవచ్చు? ఏమి చేయకూడదు? మేము శాకాహారులం. అసలు నేను వెళ్ళవచ్చా, లేక దూరంగా ఉండడమే మర్యాదా? వాళ్ళ పద్ధతులు తెలిసినవారు చెప్పండి.

కౌనస్‌లో చదివిన డాక్టరు (అడయార్, చెన్నై), డిసెంబరు 9

అమ్మా, మీ ప్రశ్న చదివి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చీ రాగానే రాస్తున్నాను. నేను లిథువేనియాలోని కౌనస్ నగరంలో ఆరేళ్ళు వైద్యం చదివాను. మొదటి శీతాకాలంలో క్రిస్మస్ సెలవులకు హాస్టల్ అంతా ఖాళీ అయితే, మా ప్రయోగశాలలో పనిచేసే ఒక పెద్దావిడ నన్ను తమ ఇంటికి కూచ్యోస్‌కు తీసుకువెళ్ళింది. అందుకే మీకు చెప్పగలను.

ముందు వంటల సంగతి. పన్నెండు రకాలు ఉండాలి. పన్నెండు మంది అపోస్తలుల పేరున అంటారు, పన్నెండు నెలల పేరున అని కూడా అంటారు. మాంసం ఉండదు. పాత పద్ధతి పాటించే ఇళ్ళలో పాలు, నెయ్యి, గుడ్లు కూడా ముట్టరు. కాబట్టి ప్రేమకొద్దీ పాలకోవా, పెరుగన్నం తీసుకెళ్ళకండి. ఉప్పు చేప మాత్రం తప్పకుండా ఉంటుంది, వాళ్ళ లెక్కలో చేప మాంసం కాదు. మీరు తినరని ముందే చెప్పండి, బల్లకు అవతలి వైపు పెడతారు. బీట్‌రూట్, ఎండు పుట్టగొడుగులు, బంగాళాదుంపలు, బఠాణీలు మీకు అడ్డులేనివే. ప్రతి దానిలోనూ కాస్తయినా రుచి చూడాలి, వదిలేయకూడదు.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. గసగసాల పాలు. అక్కడ దాన్ని అగువోను పియెనస్ అంటారు. గసగసాలు రాత్రంతా నానబెట్టి, తెల్లటి పాలు దిగేదాకా రుబ్బి, వడకట్టి, నీళ్ళు, చక్కెర లేదా తేనె కలుపుతారు. అందులో కూచ్యుకై అనే చిన్న చిన్న గట్టి బిస్కెట్లు వేసుకుని తింటారు. ఆవుపాలు మాత్రం పోయకండి. బెంగళూరులో మీరు కన్నడ వాళ్ళ గసగసె పాయసం తినే ఉంటారు. అందులోంచి కొబ్బరి, బెల్లం, ఏలకులు తీసేస్తే ఇదే. మిక్సీలో సరిగా నలగవు. మీ ఇంట్లో రుబ్బురోలు ఉంటే ఆ అమ్మాయికి అంతకంటే పెద్ద కానుక లేదు. కౌనస్‌లో ఆ పెద్దావిడ గసగసాలను మూడుసార్లు మరలో వేసి తిప్పుతుంటే, మా నాయనమ్మ రోలు గుర్తొచ్చి నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అడగలేదు. మర పిడి నా చేతికి ఇచ్చింది.

బల్లగుడ్డ కింద ఎండుగడ్డి పరుస్తారు. భోజనం అయ్యాక దానిలోంచి ఒక్కొక్కరు ఒక పరక లాగుతారు, పొడుగు పరక వచ్చిన వాళ్ళకు ఆయుష్షు ఎక్కువని. గడ్డి ఎక్కడ దొరుకుతుందో మీకే తెలియాలి. అది తెచ్చి ఇస్తే చాలు, పండుగ సగం వచ్చినట్లే.

ఆకాశంలో మొదటి చుక్క కనిపించాకే కూర్చుంటారు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. బెంగళూరులో ఆరు దాటి ఇరవై నిమిషాలకు చుక్క కనిపిస్తుంది. అప్పుడు అక్కడ ఇంకా మధ్యాహ్నం మూడు కూడా కాదు. అక్కడ నాలుగు లోపే పొద్దు కుంకుతుంది గానీ, వాళ్ళ అమ్మకు చుక్క కనిపించేసరికి మనకు రాత్రి ఎనిమిది దాటుతుంది. ఆ వేళకు ఫోను చేసుకునేలా భోజనం నెమ్మదిగా సాగనివ్వండి.

చివరిది, అన్నింటికంటే ముఖ్యమైనది. భోజనం అయ్యాక బల్ల తుడవకండి, కంచాలు తీయకండి. ఆ రాత్రి పోయినవాళ్ళు వచ్చి తింటారని అలాగే వదిలేస్తారు. ఎంగిలి కంచాలు తెల్లవార్లూ ఉంచకూడదని మన ఇళ్ళలో నేర్చుకున్న చేతులు ఊరుకోవు. ఆ రోజు నా చేయి పట్టుకుని ఆపారు.

మీరు "ఇంట్లో ఉన్నట్లు" అన్నారు కాబట్టి ఒక మాట. వాళ్ళ భాషలో నమస్ అంటే కట్టిన ఇల్లు. మనది అనుకునే ఇంటిని మాత్రం నమై అంటారు, అది ఎప్పుడూ బహువచనమే. "ఇంటివైపు" అనడానికి నమో అంటారు. బస్సు దిగి చీకట్లో నడుస్తూ అందరూ "నమో, నమో" అంటుంటే మొదటి నెలలో నాకు దేవుణ్ణి తలుచుకుంటున్నట్లే వినిపించేది. సంస్కృతానికి దగ్గరి మాటలు ఇంకా చాలా ఉన్నాయి: కొడుకును సూనుస్ అంటారు, నిప్పును ఉగ్నిస్ అంటారు. "దేవుడు పళ్ళిచ్చాడు, రొట్టె కూడా ఇస్తాడు" అన్న వాళ్ళ సామెతలో పళ్ళు దంతిస్, దేవుడు దియేవస్. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం అనే మాటే అది.

తప్పకుండా వెళ్ళండమ్మా.

వైట్‌ఫీల్డ్ వాసి, డిసెంబరు 9

అందరూ వెళ్ళమంటారు కాబట్టి రెండో మాట కూడా చెప్పాలి. నేను ఆస్లోలో తొమ్మిదేళ్ళు ఉండి వచ్చాను. సంక్రాంతికి మా ఇంట్లో మేమే ఉండాలని ఉండేది. పక్కింటివాళ్ళు ప్రేమగా వచ్చి కూర్చుంటే ఆ పూటంతా వాళ్ళకు వివరించడంతోనే సరిపోయేది. ఆ అమ్మాయికి నాన్న పోయిన మొదటి పండుగ ఇది. ఏడవాలనిపిస్తే మీ ముందు ఏడవలేదు. గడ్డి, గసగసాలు ఇచ్చి కిందికి వచ్చేయడమే మంచిదని నా అభిప్రాయం. లేదా నేరుగా అడగండి, వాళ్ళు మనలా మొహమాటపడరు.

ఇంకొకటి. వాళ్ళను ఏదో ఊరు కోల్పోయిన వాళ్ళలా చూడకండి. డబ్లిన్ నుంచి వాళ్ళ దేశానికి విమానంలో మూడు గంటలే. ఇష్టపడి వెళ్ళారు, ఇష్టమైతే తిరిగి వెళతారు.

చింతాద్రిపేట పెద్దాయన (చెన్నై), డిసెంబరు 11

చెల్లెమ్మా, పై సోదరుడు అన్నదానిలో మొదటి సగం ఒప్పుకుంటాను. అడిగి వెళ్ళడం మంచిదే. "ఇష్టమైతే తిరిగి వెళతారు" అన్నది మాత్రం ఒప్పుకోలేను.

1978 నుంచి 84 దాకా నేను షికాగోలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. మార్కెట్ పార్క్ అనే పేటలో ఒక లిథువేనియా ముసలమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆ పేటంతా వాళ్ళే. 1944లో సోవియట్ సైన్యం మళ్ళీ వస్తోందని ఇద్దరు పిల్లలతో పారిపోయి, జర్మనీలో శిబిరాల్లో ఐదేళ్ళు గడిపి అమెరికా చేరింది. రెండు మూడు నెలల్లో తిరిగి వెళ్ళిపోతామనుకుని ఇంట్లో ఊరగాయ జాడీలు అలాగే వదిలి వచ్చానని చెప్పేది. వాళ్ళ దేశాన్ని సోవియట్ యూనియన్‌లో కలిపేసుకున్నారు. అమెరికా మాత్రం ఆ కలుపుకోవడాన్ని ఎన్నడూ గుర్తించలేదు. కాబట్టి పటంలో లేని ఆ దేశానికి షికాగోలో కాన్సులేటు ఉండేది, జెండా ఎగిరేది. నేను కళ్ళారా చూశాను. ద్రౌగస్ అనే వాళ్ళ పత్రిక 1909లో పుట్టింది, నేనున్నప్పుడు రోజూ వచ్చేది. ముసలమ్మ భూతద్దం పెట్టుకుని ముందుగా మరణవార్తలు చదివేది.

శనివారం వస్తే మనవలను లిథువేనియా బడికి తోలేది. వాళ్ళు ఆటలకు పోతామని ఏడిచినా వినేది కాదు. ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. 1864 నుంచి 1904 దాకా రష్యా చక్రవర్తి వాళ్ళ లిపిలో పుస్తకాలు అచ్చు వేయడాన్నే నిషేధించాడట. పక్కనున్న జర్మన్ రాజ్యం ప్రష్యాలో అచ్చు వేయించి, రాత్రిపూట గోనె సంచుల్లో సరిహద్దు దాటించి తెచ్చేవాళ్ళు. పట్టుబడితే సైబీరియాకు పంపేవాళ్ళు. "మా తాత పుస్తకాలను గడ్డివాములో దాచాడు, వీడికి బడికి వెళ్ళడం కష్టమా?" అంది. మా వంశం నెల్లూరు నుంచి మద్రాసు వచ్చి ఐదు తరాలయింది. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం. నా మనవడు మాత్రం ఈ అక్షరాలు చదవలేడు. మొన్న ఈ చర్చ వాడికి నేనే చదివి వినిపించాను. ఏ గడ్డివాములోనూ దాచవలసిన అవసరం లేని పుస్తకాలు మా అల్మారాలో ఉన్నాయి.

ముసలమ్మ 1988లో పోయింది. వాళ్ళ దేశం 1990 మార్చి 11న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆమెలాగే 1944లో పారిపోయి షికాగోలో స్థిరపడి, అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థలో పనిచేసిన వాల్దస్ అదమ్కుస్ తిరిగి వెళ్ళి 1998లో ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. ఆమె ఉండి ఉంటే ఆ రోజు పత్రికలో మరణవార్తల కంటే ముందు ఆ వార్త చదివి ఉండేది.

ఇక ఈ తరం సంగతి. 1990 తరువాత దేశం విడిచినవాళ్ళు మరో దేశపు పౌరసత్వం తీసుకుంటే, కొద్దిమందికి తప్ప, లిథువేనియా పౌరసత్వం పోతుంది. దీన్ని మార్చాలని 2019లో ఒకసారి, 2024లో మరోసారి ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. ఓటు వేసినవాళ్ళలో ఎక్కువమంది అవుననే అన్నారు. రాజ్యాంగం ప్రకారం మొత్తం ఓటర్లలో సగం కంటే ఎక్కువమంది అనాలి. రెండుసార్లూ అంతమంది కాలేదు. డబ్లిన్‌లో పదకొండేళ్ళు ఉన్న ఆ దంపతులు ఏ కాగితం ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి అని ఎన్ని రాత్రులు ఆలోచించి ఉంటారో! మన పిల్లలకు, విదేశీ పౌరులైనా ఇక్కడికి వచ్చి ఉండడానికి, కనీసం ఓసీఐ కార్డు ఉంది. విమానం మూడు గంటలదే కావచ్చు, సోదరా.

తులసికోట (జయనగర్, బెంగళూరు), డిసెంబరు 25

అందరికీ చేతులెత్తి నమస్కారం. వైట్‌ఫీల్డ్ బాబు చెప్పినట్లు నేరుగానే అడిగాను: "నేను రావాలా, మీరు ముగ్గురే ఉంటారా?" ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "చుక్క కనిపించినప్పుడు రండి, ఫోను వచ్చేదాకా ఉండండి" అంది. అలా హద్దు చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

గసగసాలు గాంధీబజార్‌లో కొన్నాను. ముందు రోజు నానబెట్టి, నిన్న మధ్యాహ్నం మా అత్తగారి రోలు కడిగి దించాను. అమ్మాయి, నేను వంతులవారీగా రుబ్బాం. మొదట బూడిద రంగు ముద్దలా ఉంది. అరగంటకు పొత్రం అంచు నుంచి తెల్లగా కారడం మొదలయింది. వేలితో తీసి నాలుక మీద వేసుకుని తల ఊపింది, మాట రాలేదు. గడ్డి కోసం వీధి చివర ఆవులున్న ఆయనను అడిగితే వరిగడ్డి లేదు, రాగిగడ్డి ఇచ్చాడు. అదే పరిచాం.

ఆరుంబావు నుంచి పాప మేడ మీద నిలబడి మెడ నొప్పి పుట్టేలా ఆకాశం చూసింది. కొబ్బరిచెట్టు పక్కన చుక్క కనిపించగానే వాళ్ళ భాషలో అరుస్తూ దిగింది. ముందుగా ఒక పలచని అప్పం లాంటిది చేతికి ఇచ్చారు. కలేదైతిస్ అంటారు. వాళ్ళ అమ్మ కవరులో పెట్టి పంపితే దారిలోనే ముక్కలయింది. ఒకరి ముక్క ఒకరు విరిచి తిన్నాం. పన్నెండు రకాల్లో రెండు నావి, పులిహోర, బీట్‌రూట్ కూర. షాజీర వేసిన రొట్టె మధ్యలో పెట్టారు. ఖాళీ కంచం కిటికీ వైపు ఉంది. దాని ముందు ఎవరూ కూర్చోలేదు, ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. పాప మాత్రం నీళ్ళ గ్లాసు దాని దగ్గరకు జరిపింది.

ఎనిమిదింపావుకు ఫోను వచ్చింది. అమ్మాయి ఫోనును గ్లాసుకు ఆనించి నిలబెట్టింది. అక్కడ వాళ్ళ అమ్మ, తమ్ముడు ఇద్దరే. ఆవిడ బల్ల అంతా చూపిస్తూ ఫోను తిప్పింది. నాలుగు కంచాలు కనిపించాయి. పానెవెజిస్‌లో కూర్చున్నవాళ్ళు ఇద్దరు, ఖాళీవి రెండు. ఒకటి ఎవరిదో నాకు తెలుసు. రెండోది ఎవరిదని అడగబోయి అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాను. అది తనదే. కూతురి కంచంలో ఆవిడ ఒక కూచ్యుకై వేసి ఉంచింది.

చెప్పినట్లే నేను లేచి వచ్చేశాను. డాక్టరమ్మా, మీరు ముందే చెప్పకపోతే ఆ కంచాలు తీసేసేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకుని మెట్లు దిగాను.

ఆ రాత్రి పన్నెండింటికి పశువులు మాట్లాడతాయని వాళ్ళ నమ్మకం. మన వీధి ఆవు లిథువేనియన్‌లో మాట్లాడుతుందా, కన్నడంలోనా అని పాప నన్ను అడిగింది. నాతో అయితే తెలుగులో మాట్లాడుతుందని చెప్పాను. పండుగ గడ్డిని తరువాత పశువులకే వేస్తారట. ఈ పొద్దున పాప, నేను ఆ రాగిగడ్డి తీసుకుని వీధి చివరికి వెళ్ళాం. ఆవు నమిలినంత సేపూ పాప దాని మూతి దగ్గర చెవి పెట్టి కదలకుండా నిలబడింది.